మేనల్లుడికి, ఇంటి పని మొదలుపెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

సత్యనారాయణపురంలోని మీ పాత ఇంట్లో వంటగదినీ, రెండు స్నానాల గదులనూ బాగుచేయించాలనుకుంటున్నావనీ, పని మొత్తం ఒకే మేస్త్రికి అప్పగించాలా, లేక తాపీ, ప్లంబింగు, కరెంటు, టైల్సు, వడ్రంగం దేనికది విడిగా ఇవ్వాలా అని తేల్చుకోలేకపోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. విడిగా ఇస్తే మేస్త్రి వేసుకునే లాభం మనకు మిగులుతుందన్న నీ లెక్క తప్పు కాదు. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి నేనూ అదే లెక్క వేశాను.

ప్లంబరు గోడకు గాడి కొట్టి, పైపులు వేసి, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. టైల్సు వాళ్లు వాటిని మూసేశారు. నెల తరువాత గీజరు బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియను, లోపల పైపు ఎటు పోయిందో తెలియక సరిగ్గా దాని మీదే డ్రిల్లు పెట్టాడు. ట్యాంకు వాల్వు కట్టేసి ఉండటంతో నీళ్లు చిమ్మలేదు. బిగించిన స్క్రూ ఆ రంధ్రాన్ని సగం మూసింది. చుక్కచుక్కగా కారిన నీరు రెండు నెలలకు అవతలి పడకగదిలో బయటపడింది. బీరువా జరిపి చూస్తే వెనుక రంగు పొక్కులు లేచి ఉంది, వేలితో నొక్కితే లప్పం పిండిలా ఊడి వచ్చింది. ముగ్గురినీ పిలిపించాను. ఎవరి మాట విడిగా విన్నా న్యాయంగానే ఉంది. ఖర్చు మాత్రం నా నెత్తిన పడింది.

అందుచేత పగలగొట్టడం, పైపులు, వాటర్‌ప్రూఫింగు, టైల్సు, అంటే నీటితో ముడిపడిన పనులన్నీ ఒకే మేస్త్రికి ఇవ్వు. టైల్సు వేయకముందు తూముకు గుడ్డలు కుక్కి, గదిలో నీళ్లు నింపి, కనీసం ఒక రోజంతా నిలబెట్టించి, కింది గది కప్పు తడిసిందేమో చూసుకో. గాడి మూసేలోపు గోడకు టేపు పట్టి ఫోటోలు తీసి ఉంచుకో. సిమెంటు పనిని వారం రోజులు తడపాలి కదా, విడివిడి పనివాళ్లయితే బెజవాడ ఎండల్లో ఆ పూచీ ఎవరూ తీసుకోరు.

కరెంటు మాత్రం అలా వదలకు. "అన్నీ మా కుర్రాళ్లే చేస్తారండీ" అనే మేస్త్రి తాపీలో ఎంత గట్టివాడైనా, వైరింగుకు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనునే విడిగా పెట్టుకుని, ఏసీకీ గీజరుకూ వేరు వేరు లైన్లు లాగించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు, 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. చెక్కపని కూడా వేరే ఇవ్వవచ్చు. వడ్రంగి ఎలాగూ టైల్సు అయ్యాకే కొలతలు తీసుకుంటాడు. అయితే మిక్సీ, ఫ్రిజ్జు, చిమ్నీ ఎక్కడ వస్తాయో గోడ పూత పూయకముందే అతనినీ ఎలక్ట్రీషియనునూ ఒకచోట నిలబెట్టి గుర్తులు పెట్టించాలి.

బేరం కాగితం మీద రాయించు. ఏ పైపు, ఏ సిమెంటు, సామాను ఎవరిది అన్నవి అందులో ఉండాలి. డబ్బు పని జరిగే కొద్దీ ఇస్తూ, పదో వంతు మాత్రం గదులు ఒక నెల వాడుకునేదాకా చేతిలో ఉంచుకో.

ఖరారు చేసే ముందు, ఆ మేస్త్రి రెండేళ్ల క్రితం చేసిన స్నానాల గది ఒకటి చూపించమను. చూసేటప్పుడు టైల్సు మెరుపు దగ్గర ఆగిపోకు. ఇంటివాళ్లను అడిగి ఆ గోడకు అవతలి వైపు చూసి రా.

ఆశీస్సులతో,
మీ మామయ్య