పత్తి మేజోళ్ళకి ఉన్ని లెక్క పనికిరాదు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రాట్నం, అల్లిక సూదుల గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలకి ఈసారి జవాబులు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాం.

ప్ర: మా చేలో పత్తి ఉంది. ఆ పత్తితోనే నూలు వడికి మేజోళ్ళు అల్లాలని మా కోడలు పట్టుబట్టింది. ఒక జతకి ఎంత పత్తి కావాలి? గింజ ఇంట్లోనే తీయగలమా? – ఒక రైతు, ప్రకాశం జిల్లా

జ: తీయగలరు. ముందు లెక్క చూడండి. ఆడవాళ్ళ పాదానికి సరిపోయే జతకి మూడుపోగుల నూలు 350 మీటర్లు పడుతుంది. ఒంటిపోగుగా అది 1050 మీటర్లు. మూడూ కలిపి పురి పెట్టేటప్పుడు నూలు కొంత కురచబడుతుంది కాబట్టి 1100 దాటించండి. ఒంటిపోగు 100 మీటర్లు తూస్తే 7, 8 గ్రాముల మధ్య రావాలి. మిల్లు లెక్కలో అది దాదాపు 8వ నంబరు నూలు. ఈ లెక్కన 85 గ్రాముల దూది చాలు, తరుగు కలుపుకుని 100 అనుకోండి. గింజపత్తిలో దూది మూడో వంతే ఉంటుంది. అంటే 300 గ్రాముల పత్తి. మొదటి తీతలో శుభ్రంగా విచ్చిన కాయలవే ఏరండి. మచ్చపడిన పత్తిలో పోగు బలం ఉండదు.

ఏరిన పత్తిని గంటసేపు ఎండలో పెట్టండి. నున్నటి పలక మీద గుప్పెడు పరిచి, నున్నటి ఇనుప కడ్డీతో అప్పడాల కర్రను తోసినట్టు ముందుకు తోస్తే గింజ అవతలికి జారుతుంది, దూది ఇవతల మిగులుతుంది. గింజ చితికి దూదికి జిడ్డు అంటుతోందంటే కడ్డీ మీద బరువు ఎక్కువ వేస్తున్నారని అర్థం. దూది ఏకడానికి, అంటే పోగులు విడదీయడానికి, విల్లు దొరక్కపోతే కుక్కల బొచ్చు దువ్వే తీగల బ్రష్షులు రెండు కొనండి. ఒకదాని మీద పల్చగా దూది పరిచి రెండో దానితో నాలుగైదుసార్లు దువ్వి, ఆ పొరను అల్లిక సూది చుట్టూ వదులుగా చుట్టి సూదిని లాగేస్తే వడకడానికి ఏకు (దూది చుట్ట) తయారు. చిటికెన వేలంత లావు, జానెడు పొడవు. గట్టిగా మాత్రం చుట్టకండి. ఏకు మేకవడం అంటే ఏమిటో బిగుతుగా చుట్టిన ఏకుతో వడకబోతే చేతికే తెలుస్తుంది. నెలల తరబడి డబ్బాలో అణిగిపోయిన ఏకులదీ అదే బాధ. వాటిని విప్పి మళ్ళీ దువ్వుకోవాల్సిందే.

ప్ర: పెట్టె చరఖా కొన్నాను. గజం నూలు వచ్చేలోపు నాలుగుసార్లు తెగుతోంది. ఎండాకాలం మరీ ఘోరం. తప్పు చరఖాదా, నాదా? – ఒక పాఠకురాలు, ఇందుకూరుపేట

జ: మీ ఊరి పక్కనే పెన్న ఒడ్డున ఉన్న పల్లిపాడు ఆశ్రమాన్ని గాంధీగారు 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. అప్పటికి ఈ పెట్టె చరఖా లేదు. ఆ తర్వాత ఆయన ఎరవాడ జైల్లో ఉన్న కాలంలో రూపు కట్టింది, అందుకే దీన్ని ఎరవాడ చక్రం అని కూడా అంటారు. పెద్ద రాట్నం కన్నా చోటు తక్కువ పడుతుంది కానీ చిన్న వంకరను కూడా సహించదు. కాబట్టి ముందు చరఖానే పరీక్షించండి. నూలు లేకుండా చక్రం తిప్పి కదురు (నూలు చుట్టుకునే ఇనుప పుల్ల) మొనను చూడండి. మొన ఒక చుక్కలా నిలకడగా కనిపించాలి. అది గుండ్రంగా ఊగుతుంటే కదురు వంగింది, ఎంత ఓర్పుగా తిప్పినా తెగుతూనే ఉంటుంది. తర్వాత తాడు. చక్రం తిరుగుతూ కదురు ఆగి ఆగి తిరుగుతుంటే తాడు జారుతోందన్నమాట. ఒకసారి బిగించి, కాస్త తేనెమైనం రుద్దండి.

ఇవి రెండూ సరిగ్గా ఉంటే తప్పు చేతిలో ఉంది. తెగిన కొసలను వెలుతురులో చూడండి. కొస మెత్తగా, విడిపోయిన దూదిలా ఉంటే పురి చాలక పోగు జారిపోయింది. కొస దగ్గర నూలు మెలికలు తిరిగి చుట్టుకుపోతుంటే పురి ఎక్కువై తెగింది. మీకు ఈ రెండూ ఒకే గజంలో కనపడి ఉంటాయి, ఎందుకంటే పురి ఎప్పుడూ సన్నటి చోటికే ముందు పరుగెత్తుతుంది. లావు చోటికి పురి అందదు, అక్కడ జారుతుంది. సన్నచోట కిక్కిరిసి పుటుక్కుమంటుంది. మందు ఒకటే. పోగు లాగేటప్పుడు పురి సగం ఎక్కగానే చక్రం ఆపి, చేతిని ఇంకో బెత్తెడు వెనక్కి లాగండి. పురి తక్కువున్న లావు చోట్లు సాగి సమం అవుతాయి. ఆ తర్వాతే మిగిలిన పురి వెయ్యండి. ఏకును పిచికపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. నొక్కితే దూది కదలదు, కదలని దూదిని లాగితే తెగుతుంది.

ఇక ఎండాకాలం సంగతి. పత్తిపోగు తడిగా ఉన్నప్పుడే బలంగా ఉంటుంది. ఉన్ని దీనికి సరిగ్గా ఎదురు. రోహిణి కార్తెలో పడమటి గాలికి దూది ఎండి, రేగి, ఎగిరిపోతుంది. తెల్లవారుజామున వడకండి. లేదా గదిలో తడిగుడ్డ వేలాడదీయండి. సీలింగ్ ఫ్యాన్ కింద మాత్రం కూర్చోకండి.

మేజోళ్ళ నూలుకి పురి చీరనూలుకి పెట్టినట్టు పెడితే చాలదు, ఇంకాస్త బిగించాలి. మూడు కండెల (వడికిన నూలు చుట్టల) పోగులు కలిపి, చక్రాన్ని వడికిన దిశకి ఎదురు దిశలో తిప్పి పురి పెట్టండి. రెండు పోగులైతే పని తొందరగా తెములుతుంది కానీ మడమ దగ్గర ఏడాది తిరక్కుండానే వల కనిపిస్తుంది.

ప్ర: వడికిన నూలు నీళ్ళలో ముంచితే తేలుతోంది, రంగు అసలు పట్టడం లేదు. – ఒక పాఠకురాలు, ఆత్మకూరు

జ: పచ్చి పత్తి మీద పుట్టుకతో మైనపు పొర ఉంటుంది. ఉడికిస్తేనే పోతుంది. చిలపను (నూలు లడిని) నాలుగు చోట్ల వదులుగా కట్టి, 100 గ్రాముల నూలుకి మూడు లీటర్ల నీళ్ళు, ఒక చెంచా చాకలి సోడా, కాస్త సబ్బు వేసి గంటసేపు సన్నటి సెగ మీద ఉంచండి. నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి. అది మురికి కాదు, బెంబేలు పడకండి. మూడు నీళ్ళలో జాడించి ఆరేశాక ఒక నీటిబొట్టు వేసి చూడండి, వెంటనే ఇంకాలి. పురి కుదురుకునేది కూడా ఈ ఉడుకుతోనే. అల్లాక ఉడికిద్దాంలే అనుకుంటే మేజోడు ముడుచుకుపోయి పిల్లల సైజు అవుతుంది. అల్యూమినియం గిన్నె వద్దు, సోడాకి నల్లబడుతుంది. స్టీలుది వాడండి.

ప్ర: మాకు నలభై జీవాలున్నాయి. నెల్లూరు జాతి. వాటి ఉన్నితో మేజోళ్ళు అల్లుకోవచ్చు కదా? – ఒక పాఠకుడు, కోవూరు

జ: కుదరదు. పల్లా, జోడిపి, దొర – నెల్లూరు గొర్రెలో ఈ మూడు రకాల్లో దేనికీ వడకదగ్గ ఉన్ని ఉండదు, ఉండేది పొట్టి వెంట్రుక. అది మాంసానికి పెంచే జాతి. గొంగడికి వాడేది దక్కనీ గొర్రె ఉన్ని, అదీ ముతకే. కప్పుకోవడానికి బాగుంటుంది, కాలికి తొడిగితే దురద.

ప్ర: పుస్తకంలో ఉన్నట్టే 64 కుట్లతో పత్తి మేజోళ్ళు అల్లాను. తొడిగిన గంటకే జారి చీలమండ దగ్గర కుప్పపడుతున్నాయి. ఉన్నితో అల్లినప్పుడు ఇట్టా జరగలేదు. – ఒక పాఠకురాలు, కావలి

జ: ఆ పుస్తకం ఉన్ని కోసం రాసింది. ఉన్ని పోగులో స్ప్రింగులాంటి వంపులుంటాయి, సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. పత్తి సాగితే సాగినట్టే ఉండిపోతుంది. అందుకని పత్తి మేజోడును పట్టి ఉంచాల్సింది నూలు కాదు, అల్లిక. మీ నూలుకి చెప్పిన సూది కన్నా ఒక సైజు చిన్నది తీసుకోండి. సెంటీమీటరుకి 3 కుట్లు పడేలా అల్లితే 22 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న పాదానికి 60 కుట్లు చాలు, 20 సెంటీమీటర్ల గొట్టం వస్తుంది. మెడ (మేజోడు పైఅంచు) నుంచి మడమ దాకా రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) చొప్పున రిబ్బు (నిలువు చారల అల్లిక) ఆపకుండా అల్లండి. పాదం పైభాగంలోనూ అదే. సాదా అల్లిక అరికాలికే. మెడలో మూడేసి చుట్లకి ఒకసారి లోపలి వైపు నుంచి సన్నటి ఎలాస్టిక్ దారం ఎక్కించండి. మొదటి వరస మాత్రం పెద్ద సూదితో వదులుగా ఎక్కించాలి. లేకపోతే మడమ దాటదు.

ఇంకొకటి. చిన్న ముక్క అల్లి, ఉతికి, ఆరాక కొలవండి. పత్తి అల్లిక తొలి ఉతుకులో పొడవు తగ్గుతుంది. ఉతక్కుండా తీసుకున్న కొలత నమ్మితే మడమ చోటు తప్పుతుంది.

ప్ర: మడమ తిప్పే దగ్గర ప్రతిసారీ లెక్క తప్పుతోంది. రెండు పక్కలా చిల్లులు కూడా. – ముగ్గురు పాఠకులు, ఒంగోలు, సింగరాయకొండ, నెల్లూరు

జ: 60 కుట్లకి లెక్క ఇది. సగం, అంటే 30 కుట్లు, మడమవి. మిగతా 30 కదలకుండా సూది మీదే ఉంటాయి. మడమ పలకకి (మడమ వెనక నిలిచే ముక్కకి) ముందు వైపు ఒక కుట్టు అల్లకుండా సూది మార్చి, ఒకటి నిట్ – ఇలా చివరిదాకా. వెనక వైపు మొదటి కుట్టు మార్చి, మిగతావి పర్ల్. మొత్తం 30 వరసలు. వరసలు లెక్కపెట్టుకోనక్కర్లేదు, అంచున జడలా 15 కుట్లు కనిపిస్తే 30 అయినట్టు. ఈ పలకకి నూలుతోపాటు సన్నటి నైలాన్ కుట్టుదారం కలిపి అల్లండి. పత్తి మడమ ఆయుష్షు దానితోనే పెరుగుతుంది.

ఇక తిప్పడం. మొదటి వరస: ఒకటి మార్చి, 16 నిట్, రెండు కలిపి నిట్, ఇంకొకటి నిట్, తిప్పండి. ఆ చివర 10 మిగలాలి. రెండో వరస: ఒకటి మార్చి, 5 పర్ల్, రెండు కలిపి పర్ల్, ఒకటి పర్ల్, తిప్పండి. ఈ చివరా 10 మిగులుతాయి. మిగలకపోతే ఇక్కడే విప్పండి, ముందుకి పోకండి. మూడో వరస నుంచి సూది మీద చిన్న సందు కనిపిస్తుంది. సందుకి ఇటు కుట్టు, అటు కుట్టు కలిపి ఒకటి చేసి, ఇంకొకటి అల్లి తిప్పడమే. మూడో వరసలో మధ్యన 6, నాలుగో వరసలో 7, అలా ఒక్కొక్కటి పెరుగుతుంది. పన్నెండు వరసలు అయ్యేసరికి 18 కుట్లు మిగులుతాయి. లెక్క తప్పేవాళ్ళలో ఎక్కువమంది 'ఇంకొకటి అల్లి' అన్నది మరిచిపోతారు.

పలక అంచున ఉన్న 15 జడకుట్ల నుంచి పక్కకి 15 ఎత్తుకోవాలి. చిల్లు పడేది పలక, పైభాగం కలిసే మూలలో. అక్కడ రెండు కుట్ల మధ్య అడ్డంగా ఉన్న పోగును మెలిపెట్టి పదహారో కుట్టుగా ఎత్తుకోండి. ఇప్పుడు 18, 16, 16, 30 కలిపి 80. చుట్టు విడిచి చుట్టు పక్కకొకటి తగ్గిస్తే పదిసార్లకి మళ్ళీ 60. వేళ్ళ కొసకి 5 సెంటీమీటర్లు ఉందనగా చుట్టు విడిచి చుట్టు నాలుగేసి తగ్గించి 28కి, తర్వాత ప్రతి చుట్టులో నాలుగేసి తగ్గించి 16కి తెచ్చి, సూదితో కలిపి కుట్టేయండి.

ప్ర: రెండు వైపులా మొనలున్న సన్నటి సూదులు ఇక్కడ దొరకడం లేదు. – ఒక పాఠకురాలు, ఉదయగిరి

జ: సైకిల్ పుల్లలు చూడండి. మామూలుగా 2 మిల్లీమీటర్ల మందం ఉంటాయి, మనకి కావలసిన దానికి దగ్గరే. 18 సెంటీమీటర్లకి కోసి, మొనలు ఆకురాయితో అరగదీసి, సన్న గరుకు కాగితంతో నున్నచేయండి. ఐదు కావాలి. చేతి చెమటకి జారితే కొంచెం పౌడరు. ఇక చెక్క చెంచాలకి పేరుపడ్డ ఊళ్ళో ఉన్నారు కదా, లావు సూదుల కోసం ఆ పనివాళ్ళనే అడిగి చూడండి. 2 మిల్లీమీటర్లలో చెక్క నిలవదు, 4 దాటితే పరవాలేదు.

ప్ర: చదువుతూ అల్లడం అందరికీ వస్తుందా? వేటపాలెం గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చుకుంటాను, రెండింటికీ టైము చాలడం లేదు. – ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జ: 1918 నుంచి ఉన్న గ్రంథాలయం, ఆ పుస్తకాల మీద సూది గీతలు పడనివ్వకండి. చదువుకి పనికొచ్చేవి రెండే భాగాలు: కాలి గొట్టం, అరికాలు. రిబ్బు మూడు నాలుగు చుట్లు పడ్డాక నిట్, పర్ల్ తేడా వేలికే తెలుస్తుంది. మడమ, వేళ్ళు అల్లేటప్పుడు పుస్తకం మూసేయాలి. పుస్తకం ఒళ్ళో పెట్టుకుంటే మీ మెడ పట్టేస్తుంది. వ్యాసపీఠం ఎత్తుగా పెట్టి, పేజీలకి క్లిప్పు తగిలించండి. చుట్ల లెక్కకి రెండు గిన్నెలు, చింతగింజలు. చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక గింజ ఇటు నుంచి అటు. చరఖా దగ్గర మాత్రం చదువు సాగదు, రెండు చేతులూ కన్నూ దానికే కావాలి. ఎవరైనా చదివి పెడితే వినండి.

ప్ర: మా అమ్మకి షుగరు. అరికాళ్ళు పగిలాయి. ఇంట్లో అల్లిన మేజోళ్ళు వేయవచ్చా? – ఒక పాఠకుడు, నెల్లూరు

జ: వేయవచ్చు, ఎలాస్టిక్ లేకుండా. మెడ బిగిసి చర్మం మీద గీత పడకూడదు. వేళ్ళ దగ్గర కలిపిన కుట్టు లోపల గట్టుగా తగలకూడదు, ఆవిడకి అది తెలియకపోవచ్చు, మీ వేలితో తడిమి చూడండి. రాత్రి తీసినప్పుడు పాదం అడుగు, వేళ్ళ సందులు చూడండి. పుండు కనపడితే డాక్టరు దగ్గరికే. చెమటకి తడిసిన పత్తి త్వరగా ఆరదు, అందుకని రోజుకి రెండు జతలు. ఇంట్లో గ్రానైట్, టైల్స్ ఉంటే అల్లిన మేజోడు జారుతుంది. అరికాలి వైపు సిలికాన్ గమ్ చుక్కలు అంగుళానికొకటి పెట్టి, ఒక రోజంతా ఆరనిచ్చాకే ఆవిడ కాలికి తొడగండి.