ఊపిరి వదలమంటే ఒప్పుకోని మామ్మగారు

ఊపిరి మీద, ఆరోగ్యం మీద మనం రోజూ అనే మాటల్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే ఎలా ఉంటుంది, ఎవరికైనా అనుభవం ఉందా అని అడిగారు. నేను గుంటూరులో ఒక ఛాతీ డాక్టరుగారి దగ్గర స్పైరోమెట్రీ, అదే గొట్టంలోకి ఊదించే పరీక్ష, చేస్తుంటాను. నాకు ఇలాంటివి ఎదురవుతూనే ఉంటాయి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది ఒక మామ్మగారిది. ముక్కుకి క్లిప్పు పెట్టి, గొట్టం నోటికిచ్చి, "గుండెల నిండా గాలి పీల్చండి మామ్మగారూ... ఇప్పుడు ఊపిరి వదిలేయండి, మొత్తం వదిలేయండి" అన్నాను. ఆవిడ గొట్టం తీసి బల్లమీద పెట్టేశారు. క్లిప్పు ముక్కుకే ఉంది, గొంతు జలుబు చేసినట్టు వస్తోంది. "ఏందయ్యా, ఊపిరి వదలమంటావు? మనవరాలి పెళ్ళి చూడకుండా ఎట్టా వదులుతా?" పక్కనున్న కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. మామ్మగారి మాటా న్యాయమే కదా, ఊపిరి వదిలాడంటే పోయాడనేగా అంటాం! ఇప్పుడు పెద్దవాళ్ళకి "కట్టెల పొయ్యి ఊదినట్టు ఊదండి, ఆపొద్దు" అని చెబుతున్నాను. ఆవిడా అలాగే చక్కగా ఊదారు. ఈ పరీక్షలో మొదటి సెకనే కీలకం. ఊపిరితిత్తులు బాగుంటే మామూలుగా ఊదే గాలిలో 70 శాతానికి పైనే ఆ ఒక్క సెకనులో వచ్చేస్తుంది. పెద్దవాళ్ళయితే మొత్తం 6 సెకన్లయినా ఆపకుండా ఊదమంటాం.

ఇంకోసారి ఉబ్బసం ఉన్న చిన్న పిల్లాణ్ణి తీసుకొచ్చిన తల్లి, "రాత్రంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాం సార్" అంది. వాడు వెంటనే అమ్మ గుప్పిట విప్పి చూశాడు. అందులో నలిగిపోయిన ఓపీ చీటీ, రెండు రూపాయల బిళ్ళ. "ప్రాణాలు ఏవమ్మా?" అన్నాడు. ఆ తల్లి అప్పుడు నవ్వింది, రాత్రి నుంచి అదే మొదటిసారేమో.

నీళ్ళు తాగుతుంటే పొలమారిందని, తలుచుకున్నది నువ్వేనా అని హైదరాబాదులో ఉన్న కొడుక్కి అప్పటికప్పుడే ఫోన్ చేసిన తాతగారూ ఉన్నారు. (మాటిమాటికీ పొలమారుతుంటే మాత్రం డాక్టరుకి తప్పకుండా చెప్పండి.)

ఒక్కోసారి ఉన్నదున్నట్టు అడగడమే మేలు చేస్తుంది. మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒకాయన "సీజన్లో ఊపిరి సలపదండీ" అన్నాడు. "పని అట్టాంటిది లెండి" అంది భార్య. డాక్టరుగారు వదల్లేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, రాత్రి దగ్గుతో మెలకువ వస్తుందా, పిల్లికూతలు ఉన్నాయా అని అడిగారు. అన్నిటికీ తలూపాడు. మిరప ఘాటులోని క్యాప్సైసిన్ గాలిగొట్టాల్లోని నరాల్ని రెచ్చగొట్టి ఎవరికైనా దగ్గు తెప్పిస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆ ఘాటూ దుమ్మూ ఇంకా కష్టం. ఈయనకి ఊదించి చూస్తే గాలిగొట్టాలు బాగా బిగుసుకుపోయి ఉన్నాయి. ఇన్‌హేలర్ ఇచ్చి కాసేపాగి మళ్ళీ ఊదిస్తే గాలి బాగానే వచ్చింది. ఎన్నాళ్ళుగానో దాన్ని పని ఒత్తిడే అనుకున్నారు ఇద్దరూ.

ఇప్పుడు ఆయన ఇంటికొచ్చి ఊపిరి సలపట్లేదంటే, వాళ్ళావిడ ముందు "పనితోనా, ఛాతీలోనా?" అని అడుగుతుందట. ఛాతీలో అంటే చాలు, ఇన్‌హేలర్ తెచ్చి చేతిలో పెడుతుందట.