షావోలిన్ గుడికి ఒంటరిగా, తక్కువ ఖర్చుతో వెళ్తే ఒక్క రోజు సరిపోతుందా?

చైనాలో కుంగ్‌ఫూకి పేరున్న ఈ గుడికి, దగ్గరి పెద్ద నగరం జెంగ్‌జౌలో బస చేసి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చా, వెళ్లినవాళ్లంతా ఏదో ఒక తిప్పలు పడ్డామంటున్నారేంటి అని అడిగారు. రావచ్చు. ఆ తిప్పల్లో ముప్పాతిక వంతు గుడి గేటు బయటే జరుగుతాయి. ముందు రోజు రాత్రి ఒక గంట కూర్చుంటే అవి తప్పుతాయి.

అన్నిటికంటే ఎక్కువమంది దొరికిపోయేది వ్యాన్ దగ్గర. అది ఎలా జరుగుతుందో వివరంగా చెప్తాను. పొద్దున ఎనిమిదిన్నరకి బద్ధకంగా పాత రైల్వే స్టేషన్ దగ్గర దిగుతారు. దిగీ దిగగానే "షావోలిన్ సీ, షావోలిన్ సీ" (సీ అంటే గుడి) అని కేకలు. మెడలో ట్యాగు, చేతిలో ఫొటోలు అంటించిన అట్ట, గుడి టికెట్ కూడా కలిపే అంటూ వేళ్లతో లెక్క. ఎక్కి కూర్చుంటే సీట్లు నిండేదాకా బండి కదలదు, ముప్పావుగంట అక్కడే. కదిలాక తిన్నగా పోతుందా అంటే అదీ లేదు. దారిలో ఒక చిన్న మ్యూజియం, దానికి టికెట్ వేరు. తర్వాత మూలికల దుకాణం, ఆ తర్వాత భోజనశాల. వ్యాన్ వాళ్లకి కమీషన్ వచ్చేది ఈ మజిలీల దగ్గరే కాబట్టి వాటిని దాటవేయరు. గుడి దగ్గరికి చేరేసరికి ఒంటిగంట. రెండు గంటల్లో తిరిగి రావాలి, లేకపోతే బండి వెళ్లిపోతుంది. తిరుగు ప్రయాణం డబ్బులు ముందే తీసుకున్నారు కాబట్టి వదులుకుని దిగిపోవడానికి మనసొప్పదు. రోజు అక్కడితో అయిపోయింది.

దీనికి మందు చాలా చిన్నది. బస్టాండు లోపల కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు చూపించి, టైము అచ్చేసిన టికెట్ కొనండి. బయట ఎవరేం చెప్పినా ఆగొద్దు. ఏ బస్టాండు, మొదటి బస్సు ఎన్నింటికి అన్నది ముందు రాత్రి హోటల్ రిసెప్షన్‌లో అడిగి, చైనా అక్షరాల్లో కాగితం మీద రాయించుకోండి. నేరుగా బస్సు లేకపోతే డెంగ్‌ఫెంగ్ ఊరికి టికెట్ తీసుకోండి. ఆ ఊరి నుంచి గుడి సుమారు 13 కిలోమీటర్లు, సిటీ బస్సులో రెండు మూడు యువాన్లతో పోతుంది. జెంగ్‌జౌ నుంచి గుడికి 80 కిలోమీటర్లు, గంటన్నర నుంచి రెండు గంటలు. ఏడింటికల్లా బయల్దేరితే తొమ్మిదింటికి గేటు దగ్గర ఉంటారు. ఇంకో మాట: జెంగ్‌జౌలో పాత స్టేషన్ వేరు, హైస్పీడ్ రైళ్లు ఎక్కువగా ఆగే తూర్పు స్టేషన్ వేరు. రెండిటినీ కలిపేది మెట్రో ఒకటో లైన్. ఈ రెండిటినీ ఒకటే అనుకుని రైలు పోగొట్టుకున్నవాళ్లకి లెక్కలేదు.

తర్వాత డబ్బు. చైనాలో అందరూ డబ్బులు కట్టే ఫోన్ యాప్‌లు అలీపే, వీచాట్‌లలో వీసా, మాస్టర్ కార్డులు పనిచేస్తాయి. ఒక్కో చెల్లింపు 200 యువాన్ల లోపు ఉంటే అదనపు చార్జీ లేదు, దాటితే 3 శాతం. కానీ కార్డు జత చేసే పని ఇండియాలోనే ముగించాలి. కారణం ఓటీపీ. అక్కడికెళ్లాక మన సిమ్‌కి మెసేజ్ రాకపోతే కార్డు జత కాదు, ఫోన్ చేతిలో ఉన్నా టీ కూడా తాగలేరు. బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేశారో లేదో చూసుకోండి, కొత్త కార్డుల్లో అది మూసే ఉంటుంది. వీటన్నిటితో పాటు 200 యువాన్ల నగదు, అందులో ఒకటి, అయిదు, పది నోట్లు ఎక్కువగా. సిటీ బస్సు పెట్టెలో వంద నోటు వేస్తే చిల్లర రాదు.

మ్యాపు గురించి మన వ్లాగర్లు ఎందుకు చెప్పరో నాకర్థం కాదు. హోటల్ వైఫైలో గూగుల్, వాట్సాప్ రావు. రోమింగ్ ఈసిమ్ మీద వస్తాయి, ఎందుకంటే ఆ డేటా చైనా బయటి నుంచి తిరిగొస్తుంది. వచ్చినా గూగుల్ మ్యాపు నమ్మొద్దు. చైనాలో మ్యాపుల కొలతల పద్ధతే వేరు, అందువల్ల మీరున్నచోటు కొన్ని వందల మీటర్లు పక్కకి జరిగి కనిపిస్తుంది. బస్టాపు కోసం రోడ్డుకి అవతలి వైపు వెతుక్కుంటూ నిలబడేది ఇందుకే. గావ్‌ద (అదే ఆమ్యాప్) దించుకోండి, ఇంగ్లీషు కూడా ఉంది.

గేటు దగ్గర టికెట్ 80 యువాన్లు, మన లెక్కలో దాదాపు వెయ్యి రూపాయలు. అసలు పాస్‌పోర్టు కావాలి, జిరాక్సు చెల్లదు. ఆన్‌లైన్ బుకింగ్ మన పాస్‌పోర్టు నంబరుని ఒప్పుకోకపోతే కంగారు పడకుండా మనిషి కూర్చున్న కిటికీకి వెళ్లండి. చైనాలో మెడిసిన్ చదివే మన పిల్లలు యూనివర్సిటీ కార్డు చూపించి రాయితీ అడగాలి, అడగకపోతే వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. అక్టోబర్ 1 నుంచి 7 దాకా, మే మొదటి వారంలో అసలు పోవద్దు. ఆ రోజుల్లో గుడి కనపడదు, ముందున్నవాడి వీపు కనపడుతుంది.

లోపల బ్యాటరీ బండి అక్కర్లేదు. గేటు నుంచి గుడి రెండు కిలోమీటర్ల లోపే, చదునైన దారి. ఇక నా అసలు గొడవకి వస్తాను. అందరూ కుంగ్‌ఫూ ప్రదర్శన టైము పట్టుకుని రోజంతా దాని చుట్టూ అల్లుకుంటారు. అరగంట ఆట కోసం గంట క్యూ. తర్వాత ముందు వరసలోని పెద్ద మండపాల దగ్గర ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. 1928లో షి యౌసాన్ అనే సైనిక నాయకుడు ఈ గుడిని తగలబెట్టించాడు. ముందు వరసలో కనిపించే మండపాల్లో ఎక్కువ భాగం 1980లలో తిరిగి కట్టినవే. పాతది చూడాలంటే చివరిదాకా నడవాలి. వెనక ఉన్న వేయి బుద్ధుల మండపంలో నేల మీద 48 గుంటలున్నాయి. సన్యాసులు తరతరాలుగా కాళ్లు తాటించి సాధన చేయడంతో పడ్డాయంటారు. గోడల మీద 500 మంది అర్హతుల (నిర్వాణం పొందిన బౌద్ధ సాధువుల) చిత్రం. అక్కడి నుంచి 300 మీటర్లు పడమటికి నడిస్తే స్తూపాల వనం, 240కి పైగా ఇటుక, రాతి సమాధులు.

ఆ తర్వాత గుడి వెనక కొండ వైపు తిరగండి. మొదట చూజూ ఆన్ అనే చిన్న ఆశ్రమం వస్తుంది. 1125 నాటి కొయ్య మండపం, రాతి స్తంభాలు. ఇక్కడ జనం ఉండరు, నాకు ఈ చోటంతటిలో ఇష్టమైనది ఇదే. దాని పైన మెట్ల దారి, గంట ఎక్కుడు. పైన, జెన్ బౌద్ధానికి ఆదిగురువుగా చెప్పే బోధిధర్ముడు తొమ్మిదేళ్లు గోడకేసి చూస్తూ ధ్యానం చేశాడని చెప్పే గుహ. దారి అడగాలంటే "బోధిధర్మ" అంటే ఎవరికీ తెలియదు, "దామో దోంగ్" అనండి. ఆయన కంచి రాజకుమారుడని మనవాళ్లు ఢంకా బజాయిస్తారు, కానీ ఆయన్ని ప్రస్తావించిన తొలి చైనా గ్రంథం పర్షియా వాడంటుంది. గుడి కట్టించింది కూడా ఆయన కోసం కాదు. 495లో బాతువో అనే భారతీయ భిక్షువు కోసం చక్రవర్తి కట్టించాడు, ఆయన పేరు మనలో ఎవరికీ తెలియదు.

కొండ ఎక్కేవాళ్లు నీళ్లు కింద నుంచే మోసుకెళ్లాలి. సాన్‌హువాంగ్‌జాయ్ అనే పక్క కొండ వైపు కేబుల్ కారు ఎక్కేటట్టయితే దిగే చివరి కారు టైము ఎక్కకముందే అడగండి. గాలి, వాన ఎక్కువైతే ఆపేస్తారు, అప్పుడు మెట్ల మీద గంటల తరబడి దిగాలి. అదీ, గుహా రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

గుడిలో గడప తొక్కకూడదు, దాటాలి. అగరువత్తులు చేతిలో పెట్టి పుస్తకంలో పేరు రాయమంటే ఆ పక్క గడిలో ముందువాళ్లు రాసిన చందా అంకె చూడండి, మీరూ అంత ఇవ్వాలన్నమాట. తల అడ్డంగా ఊపి కదిలిపోండి.

తిండి శాకాహారులకి గండం. ఆ ప్రాంతపు పేరున్న వంట హుయిమియన్, వెడల్పు నూడుల్స్. పైకి కూరలే కనిపిస్తాయి కానీ పులుసు గొర్రె ఎముకలది. మాంసం వద్దంటే ముక్కలు తీసేస్తారు, పులుసు అదే. ఆవిరి రొట్టెల్లో మాన్‌తౌ అయితే లోపల ఏమీ ఉండదు, బావోజీ అయితే పంది మాంసం ఉండొచ్చు. ఇక్కడ మనకి కలిసొచ్చేది వేడినీళ్లు. స్టేషన్లలో, బస్టాండుల్లో మరిగిన నీళ్ల కుళాయి ఉంటుంది. ఫ్లాస్కు, నీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా ప్యాకెట్టు, కారప్పొడి పెట్టుకోండి. మరుగుదొడ్లు మన పద్ధతివే, కానీ చెంబు ఉండదు, కాగితమూ ఉండదు. రెండూ మీ సంచిలోనే ఉండాలి.

టికెట్, బస్సులు, తిండి అన్నీ కలిపి 200 యువాన్లలో ముగుస్తుంది. తిరుగు బస్సుకి మూడున్నరకల్లా గేటు బయటికి రండి, సాయంత్రం అయ్యేకొద్దీ బస్సులు పలచబడతాయి. తప్పిపోతే సిటీ బస్సులో డెంగ్‌ఫెంగ్ వచ్చి అక్కడి నుంచి ప్రయత్నించండి. అదీ లేకపోతే ఆ ఊళ్లోనే ఉండిపోండి. చవక హోటళ్లు కొన్ని విదేశీయులని వెనక్కి పంపుతాయి, పోలీసు రిజిస్ట్రేషన్ చేయడం వాళ్లకి రాక. రెండు మూడు చోట్ల అడిగితే దొరుకుతుంది. పొద్దున్నే లేచి రోడ్డు మీదికి వస్తే కుంగ్‌ఫూ బడుల పిల్లలు వందలకొద్దీ వరసలు కట్టి పరుగెడుతుంటారు, టికెట్ లేదు, క్యూ లేదు.