‘అందులోనూ ఫెయిలయ్యానమ్మా’

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. జూన్‌లో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేర్పించి హాస్టల్లో ఉంచాం. జులైలో కాలేజీవాళ్లు మానసిక స్థైర్యం కొలుస్తామని 25 ప్రశ్నల కాగితం నింపించారు. 100కి 48 వచ్చింది. ‘నేను అందులోనూ ఫెయిలయ్యానమ్మా’ అని ఫోనులో ఒకటే ఏడుపు. ఇంత సున్నితమైతే రేపు ఎలా నెగ్గుకొస్తుందని వాళ్ల నాన్న కోపం. పిల్లను గట్టిపరచడం ఎలా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ‘అందులోనూ’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇంకెక్కడో ఓడిపోయానని ఆ పిల్ల ముందే అనుకుంటోంది. వారం వారం పెట్టే పరీక్షలా, గదిలో తోడులేకపోవడమా? ముందు అది తెలుసుకోండి.

మీరు చెప్పిన లెక్కను బట్టి అది 2003లో అమెరికాలో వెలువడిన కానర్-డేవిడ్‌సన్ కొలమానం కావచ్చు. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 దాకా వేసుకోవాలి. దాన్ని మొదట పరీక్షించి చూసింది పెద్దవాళ్ల మీద. ఇంటర్‌లో 35 వస్తే పాస్ అన్నట్టు ఇందులో గీత ఏదీ లేదు. ఒకే మనిషి చికిత్సకు ముందు, తర్వాత ఎలా ఉన్నారో పోల్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది. పైగా గడిచిన నెల రోజులను తలచుకుని జవాబివ్వమంటుంది. మీ అమ్మాయికి ఆ నెల ఏది? పుట్టి బుద్ధెరిగాక ఇల్లు వదిలి ఉన్న మొదటి నెల! 48 అంటే ఆ పిల్ల దాచకుండా రాసిందని నాకు అనిపిస్తోంది.

పిల్లల కోసమే తయారైన కొలమానం వేరే ఉంది. కెనడా పరిశోధకుడు మైఖేల్ ఉంగర్ బృందం మన దేశంతో సహా 11 దేశాల పిల్లలను కలిసి 28 ప్రశ్నలు కూర్చింది. కష్టంలో ఇంట్లోవాళ్లు నీ పక్కన ఉంటారా, మనసులో మాట వాళ్లతో చెప్పుకుంటావా, ఆకలేస్తే తినడానికి ఉంటుందా అని అడుగుతుంది అది. చూశారా, ఆ జవాబులు సగం మన చేతుల్లో ఉన్నవే. పిల్లకు తక్కువ వస్తే మనమూ తలవంచుకుని ఆలోచించాలి.

అందుకే వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి: ఈ ఆదివారం ఫోను ఆయనే చేయాలి. మార్కుల ఊసు వద్దు. మెస్సులో ఏం పెట్టారు, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగి, తర్వాత వినాలి. తను ఇంటికి దూరంగా ఉన్న తొలి రోజుల్లో ఎంత బెంగపడ్డారో చెబితే మరీ మంచిది. తండ్రి నోట అలాంటి మాట విన్న పిల్లలు ఎంత తేలికపడతారో నేను చాలాసార్లు చూశాను.

ఒకవేళ వారాల తరబడి నిద్రా తిండీ తగ్గినా, ‘నేనుండి ఏం లాభం’ వంటి మాట ఒక్కసారి విన్నా, ఆ రోజే వెళ్లి పక్కన ఉండండి, మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్‌కు, 14416 నంబరులో, ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మరొక పని. అమ్మాయి సరేనంటే, ఆ కాగితం నకలు కాలేజీ నుంచి తెప్పించుకోండి. మొత్తం మార్కుల సంగతి వదిలేసి, తను సున్నా పెట్టిన ప్రశ్నలేవో చూడండి. దసరా సెలవుల్లో తను ఇంటికొచ్చినప్పుడు ఆ ప్రశ్నల దగ్గర మాట మొదలుపెట్టండి.