జానకమ్మలా పాడాలంటే ఇంటర్ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులోనే హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతోంది. ఎనిమిదేళ్లుగా సంగీతం నేర్చుకుంది. చదువు మానేసి ఎస్. జానకి గారిలా సినిమాల్లో పాడతానంటోంది. వాళ్ల నాన్న సంగీతమే మానెయ్యమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, బ్రాడీపేట

జవాబు: అమ్మా, రెండూ మాన్పించొద్దు. మాన్పించాల్సింది హాస్టల్. ఊళ్లోనే ఇల్లుండి పిల్లను అక్కడ పెట్టింది స్టడీ అవర్స్ కోసమని తెలుసు. కానీ తెల్లవారుజామున అరగంట గొంతు విప్పి పాడుకునే చోటు లేకపోతే ఎనిమిదేళ్ల సాధన రెండేళ్లలో పోతుంది. డేస్కాలర్‌గా మార్చండి. ర్యాంకు కాస్త తగ్గితే తగ్గనివ్వండి.

జానకమ్మ పేరు చెప్పిందంటే నాకు చాలా సంతోషం వేసింది. ఆవిడ మన ఉమ్మడి గుంటూరు జిల్లా ఆడపడుచు. రేపల్లె దగ్గర పల్లపట్లలో 1938లో పుట్టారు. చిన్నప్పుడు ఆవిడకు సంగీతం నేర్పింది పైడిస్వామి అనే నాదస్వర విద్వాంసుడు. ఆ సంగతి చెప్పి, 'నీ లీల పాడెద దేవా' మళ్లీ వినమనండి. కారుకుర్చి అరుణాచలం నాదస్వరంతో పోటీపడి పాడిన పాట అది. ఆవిడ ఊపిరి ఎక్కడెక్కడ తీసుకుంటున్నారో కాగితం మీద గుర్తు పెట్టుకోమనండి. తర్వాత అదే పాట తను పాడి ఫోన్లో రికార్డు చేసుకోవాలి. కరోకే వద్దు, ఉత్త శ్రుతి మీద. ట్రాక్ చాటున దాగిన తప్పులన్నీ అప్పుడు వినపడతాయి. కష్టంగానే ఉంటుంది, అయినా వారానికో పాట ఇలా చేయాలి.

ఇంకో సంగతి. జానకమ్మ సినిమాల్లో పాడటం మొదలుపెట్టింది 1957లో. మొదటి జాతీయ అవార్డు 1977లో వచ్చిన ఒక తమిళ సినిమా పాటకు. మధ్యలో ఇరవై ఏళ్లు! ఇప్పుడు చదువు మానేస్తే ఏడాదిలో అవకాశాలు వస్తాయనే ఆశ ఎంత తొందరపాటో అమ్మాయికి నెమ్మదిగా చెప్పండి. ఎస్పీ బాలు గారు మద్రాసులో ఏఎంఐఈ అనే ఇంజనీరింగ్ కోర్సు చదువుతూనే పోటీల్లో పాడారు. సంగీత దర్శకుడు కోదండపాణి గారి దృష్టిలో పడింది అలాగే. ఈ మాట వాళ్ల నాన్నకు చెప్పండి.

సంపాదన గురించి దాచను. సినిమా పాట చేతికందేవరకు, చాలామందికి అందాక కూడా, ఇల్లు గడిచేది కోరస్‌లు, ట్రాకులు (అసలు గాయకులు పాడేముందు నమూనాగా పాడేవి), కచేరీలు, పాఠాలతోనే. అందుకే డిగ్రీ ఉండాలి. విజయవాడలో ఘంటసాల పేరుతో ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. సర్టిఫికెట్, డిప్లొమా కోర్సుల టైమింగ్స్ ఒకసారి వెళ్లి కనుక్కోండి. చేతిలో డిప్లొమా ఉంటే పాఠాలు చెప్పుకోవడానికైనా పనికొస్తుంది. ఇంటర్ అయ్యాక ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో లలిత సంగీతం ఆడిషన్‌కు అప్లై చేయించండి. రియాలిటీ షోల కన్నా ముందు అదే మేలంటాను. అక్కడ చూసేది గొంతే.

ఫస్టియర్ పరీక్షలు అయ్యాక ఆ ఫోన్ రికార్డింగులు తీసుకుని అమ్మాయితో రండి. వాళ్ల నాన్నను కూడా తీసుకురండి, ఆయన కూర్చుని వినాలి.