వచ్చేటప్పుడు తీద్దాంలే అనుకోకు

ఒరేయ్ చిన్నా,

పాత నికాన్ ఎఫ్ఎం10 ఫిల్మ్ కెమెరా కొన్నావని, వచ్చే నెల కారేసుకుని హైదరాబాద్ నుంచి అనంతపురం దాకా దారిలో పాడుబడ్డవన్నీ రీలు మీద తీసుకుంటూ పోతానని నువ్వు పెట్టిన మెసేజ్ మీ అత్తయ్యకి చదివి వినిపించాను. "మీ పిచ్చి వాడికీ అంటించారన్నమాట" అంది. నువ్వడిగింది ఏ ఫిల్మ్ కొనాలని. అది చివర్లో చెప్తా, అదంత పెద్ద విషయం కాదు.

ముందు ఇది విను. కనబడగానే బండి ఆపు. నేను మెడికల్ రెప్‌గా కర్నూలు, గుత్తి, తాడిపత్రి తిరిగే రోజుల్లో రోడ్డు పక్కన మూతపడిన సినిమా హాలొకటి ఉండేది. టికెట్ కిటికీల మీద నేల, బెంచీ, కుర్చీ అని పసుపు రంగుతో రాసిన అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు, నేల కిటికీ దగ్గర గోడ మాత్రం జనం ఒరుసుకుని ఒరుసుకుని నున్నగా అయిపోయింది. పోయేటప్పుడు డాక్టర్ వెళ్ళిపోతాడేమోనని టెన్షన్, వచ్చేటప్పుడు తీద్దాంలే అనుకునేవాణ్ణి, వచ్చేసరికి చీకటి పడేది. ఇలా రెండేళ్ళు. ఒకరోజు చూస్తే రేకులు దించి లారీకెక్కిస్తున్నారు, కిటికీలున్న గోడ అప్పటికే ఇటుకల కుప్ప. ఆ రోజు సంచిలో కెమెరా ఉంది, రీల్లో ఇంకా 18 మిగిలున్నాయి, ఏం తీయాలో తెలీక ఒక్కటీ తీయకుండానే ఇంటికొచ్చాను.

ఇంకొకటి, నాలుగు లైన్ల హైవే మీదే పోతే నీకు టోల్ గేట్లు తప్ప ఏమీ దొరకవు. ఇప్పుడు నేషనల్ హైవే 44 అంటున్న రోడ్డు మా రోజుల్లో 7వ నంబరు హైవే. అప్పట్లో అది ఊళ్ళ మధ్యలోంచే పోయేది, బైపాస్‌లు వచ్చాక లారీలు బయట నుంచే వెళ్ళిపోతున్నాయి, దాంతో పాత రోడ్డు మీద పెట్రోలు బంకులు, లారీ హోటళ్ళు, మెకానిక్ షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నీకు కావలసిన సరుకు అక్కడుంది. ఊరి మొదట్లో హైవే దిగి, ఊరంతా దాటి, అవతల మళ్ళీ ఎక్కు. చెట్ల పొదల్లో పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి, దాని మీద 7 అంకె కనబడిందంటే సరైన దారిలో ఉన్నట్టే.

గుత్తిలో ఒక పూట ఉండు. అందరూ కోట కోసం ఎక్కుతారు, ఎక్కు, కానీ పొద్దున్నే ఎక్కి ఎండ ముదరకముందే దిగు, తేనెపట్ల దగ్గరికి మాత్రం పోకు. దిగాక కొండ కింద ఇంగ్లీషు వాళ్ళ సమాధులున్నాయి చూడు. మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోతే మొదట పాతిపెట్టింది గుత్తిలోనే, తర్వాత మద్రాసుకు తీసుకెళ్ళారు. వేసవిలో పోతున్నావు కాబట్టి కర్నూలు నుంచి సంగమేశ్వరం కూడా చూడు, శ్రీశైలం జలాశయంలో నీళ్ళు తగ్గితేనే ఆ గుడి బయటపడుతుంది. ముందు అక్కడివాళ్ళని కనుక్కుని బయలుదేరు.

మనుషుల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం దండగ. మన వైపు పాడుబడ్డ గుడి దగ్గర కొత్తవాడు సంచీ, స్టాండూ వేసుకుని తిరిగితే గుప్తనిధుల కోసం వచ్చాడనే అనుకుంటారు. నన్నొకసారి పదిమంది చుట్టేశారు, సంచిలో గునపం ఉందేమోనని వెతికారు. లెన్స్ తుడిచే గుడ్డ, రెండు రీళ్ళు, మీ అత్తయ్య కట్టిచ్చిన పులిహోర దొరికాయి. పులిహోర వాళ్ళే తిన్నారనుకో, కానీ ఆ తర్వాత ఒక పెద్దాయన దగ్గరుండి కోనేరు చూపించాడు. అందుకని ముందు టీ కొట్టు దగ్గర కూర్చో, ఎక్కణ్ణుంచి వచ్చావో, ఎవరి అబ్బాయివో చెప్పు. రోడ్డు సర్వే వాళ్ళా అని అడుగుతారు, కాదని చెప్పు, లేకపోతే పొలాలు పోతాయేమోనని భయపడతారు. తాళం ఉన్న గేటు దూకొద్దు, కాపలా మనిషి ఉంటే అతనికే చెప్పి వెళ్ళు. మిద్దె కప్పు కింద నిలబడేముందు పైకి చూడు, పిచ్చిచెట్లలో అడుగేసే ముందు కర్రతో కొట్టు, పాములే కాదు, ఒర లేని పాత బావులు కూడా ఉంటాయి.

ఇక కెమెరా. గండికోటలో నేనొక రీలు మొత్తం తీశాను, మసీదు, ధాన్యాగారం, పెన్న లోయ, అన్నీ. నంబరు 36 దాటింది, 38 అయింది, ఇంకా తిరుగుతూనే ఉంది. అప్పుడు గుండె గుభేలుమంది. ఫిల్మ్ నాలుక చక్రానికి పట్టుకోనే లేదు, పొద్దుటి నుంచి నేను తీసిందంతా గాలి. లోడ్ చేశాక రివైండ్ పిడిని మెల్లగా బిగువొచ్చేదాకా తిప్పు, తర్వాత లీవర్ లాగినప్పుడల్లా ఆ పిడి కూడా తిరుగుతోందో లేదో చూడు. తిరక్కపోతే ఆపెయ్యి. రీలు మార్చేటప్పుడు ఎండలో నిలబడకు, కనీసం ఎండకి వీపు పెట్టు.

రీళ్ళని డాష్‌బోర్డు మీదా, దాని కింద అరలోనూ పెట్టొద్దు, రాయలసీమ ఎండకి ఆపిన కారు పొయ్యే. స్టీలు డబ్బాలో వేసి బట్టల సంచి మధ్యలో పెట్టి, కారు ఆపినప్పుడు నీతోనే తీసుకుపో. ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంచితే మూత తీయకుండా కొన్ని గంటలు బయటపెట్టాక వాడు, లేకపోతే చెమ్మ పడుతుంది.

వెలుగు కొలిచే మీటర్ బ్యాటరీ అయిపోతే కంగారుపడకు, నీ కెమెరా షట్టర్‌కి బ్యాటరీ అక్కర్లేదు. మంచి ఎండలో అపర్చర్ 16, 200 ఫిల్మ్‌కి షట్టర్ స్పీడు 1/250. సున్నం గోడ ఫ్రేము నిండా ఉంటే మీటర్ మోసపోయి ఫొటో చీకటిగా వస్తుంది, ఒక స్టాపు ఎక్కువ ఇవ్వు, అంటే వెలుగు రెట్టింపు చెయ్యి. చీకటి గదిలోంచి వాకిలి వెలుగు తీసేటప్పుడు గదిలోని వివరం కావాలంటే కెమెరాని లోపలి గోడకేసి తిప్పి కొలిచి, అవే నంబర్లు ఉంచి తీయి. కలర్ నెగటివ్ కాస్త వెలుగు ఎక్కువైనా సర్దుకుంటుంది, తక్కువైతేనే బురదగా తయారవుతుంది.

ఫిల్మ్ అంటావా, ఎండకి కొడాక్ గోల్డ్ 200, లోపల చీకట్లకి నలుపు తెలుపు ఫిల్మ్ ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5. మేము ఊటీలో తయారైన ఇందు ఫిల్మ్‌తో నేర్చుకున్నాం, ఇప్పుడది లేదు. కడిగించేటప్పుడు స్కాన్లు పంపితే చాలని ఊరుకోకు, నెగటివ్‌లు వెనక్కి ఇస్తారా అని ముందే అడుగు. తీసిన ప్రతిదానికీ ఊరి పేరు చిన్న పుస్తకంలో రాసుకో, నా దగ్గర ఎక్కడివో తెలీని గోడలు రెండు పెట్టెల నిండా ఉన్నాయి.

బయలుదేరే ముందురోజు ఫోన్ చెయ్యి. గుత్తి దాటాక పాత రైస్ మిల్లొకటుంది, గేటు తాళం ఎవరింట్లో ఉంటుందో అప్పుడు చెప్తాను.

మీ మామయ్య