ఎదిగే బిడ్డకు ఒంటి శుభ్రత నేర్పుతున్న అమ్మాయికి

హైదరాబాదు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పిన్ని ఆశీస్సులు.

ఆటిజం ఉన్న మన బాబుకు పదమూడో ఏడు వచ్చినా ఇంకా నువ్వే స్నానం చేయించవలసి వస్తోందని, వాడికి నూనూగు మీసాలు మొలుస్తున్న కొద్దీ బెంగ పెరుగుతోందని రాశావు. ప్రత్యేక ఉపాధ్యాయురాలిగా ఆటిజం ఉన్న పిల్లల మధ్య ఉద్యోగ జీవితమంతా గడిపిన నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ వయసులో తల్లి చేయి మెల్లమెల్లగా వెనక్కి తగ్గాలి, ఎలా తగ్గాలో ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

స్నానమంటే వాడికి ఒక్క పని కాదు. చన్నీళ్లలో వేడినీళ్లు కలపడం, బట్టలు విప్పడం, ఒళ్లు తడుపుకోవడం, సబ్బు రాసుకోవడం, కడుక్కోవడం, తుడుచుకోవడం, పొడిబట్టలు వేసుకోవడం అని విడదీసి, ఆ వరుసలో బొమ్మలు గీసి, లామినేషన్ చేయించి, వాడి కంటికి ఆనే ఎత్తులో గోడకు అంటించు. నేర్పడం మాత్రం చివరి నుంచి మొదలుపెట్టు. మిగిలినవన్నీ మీరు చేయించి, చొక్కా తొడుక్కోవడం ఒక్కటే వాడికి వదలండి. అది కుదిరాక తుడుచుకోవడం, ఆ తరువాత ఒళ్లు కడుక్కోవడం అప్పగించవచ్చు. ఇలా వెనుక నుంచి వస్తే ఏ రోజుకారోజు పని పూర్తి చేసినవాడు వాడే అవుతాడు. పదే పదే నోటితో చెప్పకు; మన మాట కోసం ఎదురుచూడడం ఒకసారి అలవాటైతే మాన్పించడం చాలా కష్టం. బొమ్మ వైపు వేలు చూపించి ఆగు. మీ అత్తగారు జాలిపడి అన్నీ తానే చేసిపెడుతున్నారని రాశావు కదా, ఆవిడకూ ఈ బొమ్మల వరుస చూపించి, ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించేలా ఒప్పించు.

వాడు మొండికేస్తున్నాడని అనుకునే ముందు ఒంటికి ఏది గిట్టడం లేదో గమనించు. పుదీనా ఘాటున్న పేస్టు కొందరికి నోరు మండిస్తుంది, షవరు ధార కొందరు భరించలేరు. ఘాటు లేని పేస్టు, బకెట్టు, చెంబు వాడి చూడు. మరికొందరికి వేడి, నొప్పి సరిగా తెలియవు కనుక, గీజరు వేడి తగ్గించి పెట్టి, ముందు చన్నీళ్లు ఎంతవరకు, తరువాత వేడినీళ్లు ఎంతవరకు పట్టాలో బకెట్టు లోపల గీతలు పెట్టు. మన ఊళ్లో నల్లా రాని రోజు, ట్యాంకరు ఆలస్యమైన రోజు ఉంటాయి. అలాంటప్పుడు వాడు తల్లడిల్లకుండా తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకునే బొమ్మల వరుస వేరే ఒకటి సిద్ధంగా ఉంచు. మీసాలకు బ్లేడు వద్దు, ట్రిమ్మరు మేలు. దాని చప్పుడు ముందు దూరం నుంచి, తరువాత దగ్గరగా అలవాటు చేసి, అరచేతికి తాకించి, ఆపైన ముఖానికి తీసుకువెళ్లండి.

ఇక తలుపు సంగతి. ఇకమీదట స్నానానికి తోడుండవలసింది వాళ్ల నాన్న. తలుపు వేశాకే బట్టలు విప్పడం, లోపలే బట్టలు వేసుకుని రావడం ఇప్పుడే అలవాటు కావాలి. ఒంటిమీద ఎవరు చేయి వేసినా ఊరుకోవడం అలవాటైన బిడ్డకు, వేయకూడని చేతిని గుర్తుపట్టడం కష్టమవుతుంది. అందుకే సాయం చేసే ముందు నాన్న కూడా వాణ్ణి అడిగి, వాడు తల ఊపాకే తాకాలి. తన ఒంటిని తాను తాకుతుంటే కసరవద్దు, తన గదిలో తలుపు వేసుకుని మాత్రమే అని శాంతంగా చెప్పండి. ఆటిజం ఉన్నవారిలో కొందరికి కౌమారంలో మూర్ఛ మొదలవుతుంది కనుక, స్నానాల గది గడియ బయటి నుంచి కూడా తీయడానికి వీలున్నదిగా మార్పించండి.

మీ ఆడపడుచు కూతురి విషయం కూడా అడిగావు. పెద్దమనిషి కాకముందే లోదుస్తు మీద ప్యాడు ఆకారం గీసి, అంటించడం, కాసేపు ధరించడం, చుట్టి పారవేయడం నేర్పమను. రక్తం చూసిన రోజున కొత్తగా నేర్పబోతే ఆ పిల్ల భయపడిపోతుంది.

బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ (ఎన్‌ఐఈపీఐడీ) ఉంది. వాడు ఏ పని ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో అక్కడ ఒకసారి అంచనా వేయించండి. ఆటిజం వంటి వైకల్యాలున్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం ఏర్పరచిన నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది, అందులో థెరపీ ఖర్చులకూ కొంత వస్తుంది, దరఖాస్తు పెట్టండి.

బడికి పరుగులు పెట్టే ఉదయాల్లో ఇదేదీ మొదలుపెట్టకు. సాయంత్రం స్నానంతో, తొందర లేని రోజున ఆరంభించి, వాడు ఎక్కడ ఆగిపోతున్నాడో నాకు రాయి.

ఇట్లు,
మీ పిన్ని